తెరచాప పడవలో ఆహారాన్ని చల్లగా నిలుపుకోవడం ఎలా?

వేసవిలో అమెరికాలోని అనాపొలిస్ రేవు నుంచి మేము పడవ తీసే ప్రతిసారీ తోటి తెలుగువారు అడిగే ప్రశ్న ఒకటే: నాలుగు రోజులు నీళ్ల మీద ఉండి కూడా పెరుగు పులిసిపోకుండా, కూరలు పాడవకుండా ఎలా చూసుకుంటున్నారు? కొత్తగా పాత పడవ కొనుక్కున్నవారైతే ఏ ఫ్రిజ్ కొనాలో, ఎంత బ్యాటరీ వేయాలో చెప్పమంటున్నారు. ఇద్దరికీ నేను చెప్పేది ఒక్కటే. ముందు మీ ఐస్ పెట్టెలోకి వేడి ఎక్కడి నుంచి వస్తోందో కనిపెట్టి ఆపండి. ఫ్రిజ్ గురించీ బ్యాటరీ గురించీ ఆ తరవాతే ఆలోచించండి. కారే కుండలో ఎన్ని బిందెలు పోసినా నిలవవు.

ఇక్కడ చెప్పేవన్నీ చెసపీక్ అఖాతంలో, 30 నుంచి 35 అడుగుల పాత పడవలను దృష్టిలో పెట్టుకుని రాసినవి. ఇలాంటి పడవల్లో వంటగట్టు కింద 100 నుంచి 150 లీటర్ల ఐస్ పెట్టె ఒకటి పడవతో పాటే కట్టి ఉంటుంది, దాని మూత పైకి తెరుచుకుంటుంది. చుట్టూ ఉండే ఫోమ్ చాలాచోట్ల రెండు అంగుళాలకు మించదు. జూలై, ఆగస్టుల్లో ఇక్కడ గాలి 30 డిగ్రీలు దాటుతుంది, నీరు కూడా 27, 28 డిగ్రీల దగ్గర ఉంటుంది. కాబట్టి పెట్టె నీటిమట్టానికి కిందనే ఉంది కదా, చల్లగా ఉంటుందిలే అనుకోవడానికి వీల్లేదు. పడవ గోడకు ఆనుకున్న వైపు నుంచి కూడా వేడి రాత్రింబగళ్లు వస్తూనే ఉంటుంది.

ఏమేం కావాలి

రెండు థర్మామీటర్లు కావాలి. వాటిలో ఒకటి తీగ చివర కొస లోపల ఉండి, అంకెలు బయట కనిపించేదైతే మంచిది. పది కిలోల దాకా తూచగల తూకం, ఒక ప్లాస్టిక్ తొట్టె, టార్చిలైటు, మూతకు అంటించే మెత్తని రబ్బరు పట్టీ, ఒక అంగుళం లేదా రెండు అంగుళాల మందం ఉన్న గట్టి ఫోమ్ షీట్లు (హార్డ్‌వేర్ దుకాణాల్లో గులాబీ రంగులోనో నీలం రంగులోనో దొరికేవి), అల్యూమినియం టేపు, నీటి గొట్టం ముక్క, ఖాళీ ప్లాస్టిక్ సీసాలు కూడా సిద్ధం చేసుకోండి. ప్యాకింగ్‌కు వాడే తెల్లని పూసల థర్మాకోల్ కొనకండి. అది చెమ్మ పీలుస్తుంది. తడిసిన ఫోమ్ వేడిని ఆపలేదు.

1. ముందు కొలవండి

పరీక్షకు ముందు రోజు రాత్రి ఒక బస్తా ఐస్ పెట్టెలో వేసి మూత పెట్టేయండి. పెట్టె గోడలు చల్లబడటానికే ఇది. మర్నాడు ఉదయం దాన్ని తీసేసి, రెండు కొత్త బస్తాల ఐస్‌ను తూచి (ఇక్కడి పది పౌండ్ల బస్తా నాలుగున్నర కిలోలు) తొట్టెలో పోసి లోపల పెట్టండి. సరిగ్గా 24 గంటలు మూత తీయకండి. తరవాత నీళ్లు వంచేసి మిగిలిన ఐస్‌ను తూచండి. తగ్గిన బరువే మీ పెట్టెలోకి ఒక రోజులో చొరబడిన వేడికి లెక్క.

ఒక కిలో ఐస్ కరగడానికి 80 కిలోక్యాలరీల వేడి కావాలి. అంటే రోజుకు ఒక కిలో కరిగిందంటే దాదాపు 4 వాట్ల వేడి ఎడతెగకుండా లోపలికి వస్తోందని అర్థం. అదే వేడిని 12 వోల్టుల ఫ్రిజ్‌తో బయటికి పంపాలంటే కిలోకు రోజుకు సుమారు 6 నుంచి 8 ఆంపియర్-అవర్లు (బ్యాటరీలోని విద్యుత్తును కొలిచే లెక్క) ఖర్చవుతాయి. వంద, నూటఇరవై లీటర్ల పెట్టెలో రోజుకు 3 కిలోల లోపు కరిగితే మీ పెట్టె బాగున్నట్టే. 5 కిలోల దాకా కరిగితే పాత పడవల్లో మామూలు. 6 దాటితే ఎక్కడో రంధ్రం ఉంది, లేదా ఫోమ్ తడిసిపోయింది. ఈ అంకె తెలియకుండా ఫ్రిజ్ కొనకండి.

చాలామంది ఈ పరీక్షను ఏప్రిల్‌లో చేసి సంతోషపడుతుంటారు. బయట 15 డిగ్రీలున్నప్పుడు వచ్చిన అంకె ఆగస్టుకు పనికిరాదు. వేడి రోజునే చేయండి, ఆ రోజు క్యాబిన్‌లో ఉష్ణోగ్రత ఎంతో పక్కన రాసి పెట్టుకోండి.

2. అడుగు రంధ్రాన్ని చూడండి

నేను అన్నిటికంటే ముందు చూసుకోమని చెప్పేది ఇదే. కరిగిన నీరు పోవడానికి ఐస్ పెట్టె అడుగున ఒక రంధ్రం, దానికి ఒక గొట్టం ఉంటాయి. చాలా పాత పడవల్లో ఆ గొట్టం తిన్నగా పడవ అడుగున నీరు చేరే బిల్జ్ గుంటలోకి దిగుతుంది. చల్లని గాలి బరువైనది, అది కిందికే జారుతుంది. తెరిచి ఉన్న ఆ గొట్టం గుండా చలి రోజంతా కారిపోతుంటే, దాని చోటు నింపడానికి మూత సందుల నుంచి వెచ్చని గాలి లోపలికి వస్తుంది.

మా మొదటి వేసవిలో శుక్రవారం సాయంత్రం నింపిన ఐస్ శనివారం రాత్రికే నీరయ్యేది. కారణం వెతుకుతూ ఒక మధ్యాహ్నం నేల పలక ఎత్తి, ఇంజిన్ వెనక నూనె వాసన కొడుతున్న ఆ గుంటలో చేయి పెట్టాను. చుట్టూ ఉడికిపోతున్న గాలి మధ్య, వేలెడంత గొట్టం చివర మాత్రం అరచేతికి చల్లగా తగిలింది. కింద నీటిమీద సన్నని ఆవిరి తేలుతోంది. మేము డబ్బు పెట్టి కొన్న చలి అక్కడ కారిపోతోంది. ఆ గొట్టాన్ని మెలిపెట్టి కట్టిన వారం నుంచి అదే ఐస్ సోమవారం ఉదయం దాకా వచ్చింది.

మీరూ అలాగే చేయి పెట్టి చూడండి. చల్లగా తగిలితే గొట్టాన్ని యూ ఆకారంలో వంచి కట్టండి. ఆ వంపులో నిలిచిన నీరే గాలికి అడ్డుకట్ట అవుతుంది. వంపు ఎండిపోకుండా ప్రయాణానికి ముందు ఒక గ్లాసు నీళ్లు పోయండి. అంతకంటే సులువైన మార్గం రబ్బరు బిరడా బిగించి, రోజుకొకసారి తీసి నీరు వదలడం. ఎలా చేసినా ఆ నీరు బిల్జ్‌లోకి పోకుండా ఒక డబ్బాలోకి పోయేలా చూసుకోండి. మాంసపు రసం కలిసిన నీరు బిల్జ్‌లో చేరితే ఆ వాసన నెలల తరబడి వదలదు.

3. మూతను సరిచేయండి

మూత అంచు కింద ఒక డాలరు నోటు పెట్టి మూసి, నోటును మెల్లగా లాగండి. కొంచెం పట్టు తగలాలి. అడ్డు లేకుండా జారి వచ్చేస్తే అక్కడ సందు ఉన్నట్టే. నాలుగు వైపులా, ముఖ్యంగా మూలల్లో, ఇలా చూడండి. చీకటి పడ్డాక వెలిగించిన టార్చిని లోపల పెట్టి మూత వేసి చూస్తే, వెలుగు గీత కనిపించిన చోట పట్టీ వేయాలని ఇంకా స్పష్టంగా తెలుస్తుంది.

పట్టీ అంటించే ముందు అంచును స్పిరిట్‌తో తుడిచి ఆరనివ్వండి. జిడ్డు మీద అంటిస్తే వారంలో ఊడిపోతుంది. పట్టీ మరీ మందంగా ఉంటే మూత పైకి లేచి ఉండిపోతుంది, అప్పుడు సందు పెరుగుతుందే గాని తగ్గదు. మూత బరువుకు అది సగానికి అణగాలి. మూత లోపల ఫోమ్ ఉందో లేదో కూడా చూడండి. తట్టినప్పుడు డొల్లగా మోగితే లోపల ఖాళీ. దాని అడుగున రెండు అంగుళాల ఫోమ్ అంటించి, పైన పలుచని ప్లాస్టిక్ రేకు కప్పండి. ఆపైన మూతమీద ఎప్పుడూ ఒక మడతపెట్టిన దుప్పటి పరిచి ఉంచండి. దీనికి ఖర్చేమీ లేదు, కానీ మంచి ఫలితం ఉంటుంది.

4. పెట్టెను చిన్నది చేయండి

నాలుగు రోజుల ప్రయాణానికి ఇద్దరికి 150 లీటర్లు అక్కర్లేదు. ఇంజిన్ వైపున్న గోడకు, పడవ గోడకు ఆనుకున్న వైపునకు లోపలి నుంచి రెండేసి అంగుళాల ఫోమ్ షీట్లు పెట్టండి. చోటు ఉంటే మొత్తం మందం నాలుగు అంగుళాలకు చేరేలా చూడండి. మందం రెట్టింపైతే గోడగుండా వచ్చే వేడి దాదాపు సగమవుతుంది. షీట్ల అతుకులన్నిటినీ అల్యూమినియం టేపుతో మూసేయాలి. టేపు వదిలేసిన ప్రతి సందులోనూ చెమ్మ చేరి, ఫోమ్ వెనక బూజు పడుతుంది.

పెట్టెకు బయటివైపు ఖాళీ ఉందని, రెండు ద్రవాలు కలిపితే పొంగే ఫోమ్ పోద్దామనుకునేవారికి ఒక హెచ్చరిక. అది పొంగేటప్పుడు చూపే బలానికి పెట్టె లోపలి గోడ ఉబ్బి పగిలిపోతుంది. కొద్దికొద్దిగా పోస్తూ, ఒక విడత గట్టిపడ్డాకే మరో విడత పోయండి. ఆవిరి ఊపిరితిత్తులకు హాని చేస్తుంది కాబట్టి తగిన మాస్కు లేకుండా క్యాబిన్‌లో ఆ పని చేయకండి. పాత ఫోమ్ తడిసి ఉంటే దాని మీద కొత్తది పోసినా ప్రయోజనం ఉండదు. ఒకచోట చిన్న రంధ్రం చేసి ముక్క తీసి పిండి చూడండి. నీరొస్తే దాన్నంతా తీసేయాల్సిందే.

5. ఇంటి దగ్గరే చల్లబరచండి

పెట్టెను బాగుచేసుకున్నవారు కూడా ఎక్కువగా పొరపడేది ఇక్కడే. ఐస్ పెట్టె పని చలిని నిలపడం. వేడి వస్తువును చల్లబరిచే పని దానికి అప్పగించకూడదు. ఎందుకో ఒక్క లెక్క చూడండి. 30 డిగ్రీల వెచ్చదనం ఉన్న లీటరు నీళ్ల సీసాలు పన్నెండు తెచ్చి పెట్టెలో పడేశారనుకోండి. అవి 4 డిగ్రీలకు రావడానికే దాదాపు 4 కిలోల ఐస్ కరిగిపోతుంది. మీరు రేవులో కొన్న బస్తా ఐస్‌లో ఇక మిగిలేది అర కిలో.

అందువల్ల బయల్దేరడానికి రెండు రోజుల ముందే మొదలుపెట్టండి. రెండు లీటర్ల సీసాల్లో తొమ్మిది వంతులు నీళ్లు పోసి, పదో వంతు ఖాళీ ఉంచి, ఇంటి ఫ్రీజర్‌లో గడ్డకట్టించండి. నీరు గడ్డకట్టేటప్పుడు వ్యాకోచిస్తుంది కాబట్టి నిండా పోస్తే సీసా పగులుతుంది. ఈ సీసాలు బస్తా ఐస్ కంటే నాకు ఎక్కువ ఇష్టం. పెద్ద గడ్డ నెమ్మదిగా కరుగుతుంది, కరిగిన నీరు కూరల డబ్బాల్లోకి చేరదు, పైగా మూడో రోజు అదే మంచినీళ్లవుతుంది. పప్పు, కోడికూర, సాంబారు వండి, పూర్తిగా చల్లార్చి, పలుచని జిప్ సంచుల్లో పూట పూటకు సరిపడా పోసి, పలకల్లా బల్లపరుపుగా గడ్డకట్టించండి. అవి తినే దాకా ఐస్‌గానూ పనిచేస్తాయి. ప్రయాణం ముందు రాత్రి పెట్టెలో ఒక బస్తా ఐస్ వేసి గోడలను చల్లబరచడం మరవకండి.

గడ్డకట్టించే నీటిలో ఉప్పు కలిపితే ఇంకా చల్లగా ఉంటుందని కొందరు చేస్తుంటారు. నిజమే, ఉప్పునీటి గడ్డ సున్నాకు దిగువనే కరుగుతుంది. కానీ దానికి ఆనుకున్న ఆకుకూరలు, గుడ్లు, పెరుగు గడ్డకట్టి పాడవుతాయి. మాంసం, చేపలు మాత్రమే తీసుకెళ్లేటప్పుడు తప్ప నేను దాన్ని సిఫారసు చేయను.

డ్రై ఐస్ మాత్రం పడవలోకి తేకండి. అది కార్బన్ డయాక్సైడ్ వాయువుగా మారి, గాలికంటే బరువు కాబట్టి క్యాబిన్ అడుగున పేరుకుంటుంది. మనం పడుకునేది అక్కడే. ప్రాణాపాయం.

6. ఏవి పెట్టాలి, ఏవి పెట్టకూడదు

చలి అవసరం లేనివన్నీ బయట ఉంచితే సగం పెట్టె ఖాళీ అవుతుంది. ఉల్లి, బంగాళాదుంప, పచ్చి టమాటా, వంకాయ, నిమ్మకాయలు గాలి ఆడే వలసంచిలో వేలాడదీయండి. ఆవకాయ, గోంగూర పచ్చడి, పొడులు, నెయ్యి బయటే ఉండొచ్చు. పులిహోరను మాత్రం వండిన రోజే తినేయండి. గుడ్ల విషయంలో జాగ్రత్త అవసరం. మన ఊళ్లో గుడ్లు గంపలో బయటే ఉండేవి కదా అని ఇక్కడ అలా ఉంచకండి. అమెరికా దుకాణాల్లో గుడ్లను కడిగి అమ్ముతారు, పైపొర పోతుంది కాబట్టి వాటిని చల్లగానే ఉంచాలి.

పెరుగు నాలుగు రోజులకు సరిపడా మోసుకెళ్లకండి. సీలు తీయకపోతే బయటే నిలవుండే డబ్బా పాలు తీసుకెళ్లి, రోజూ సాయంత్రం ఒక గిన్నెడు గోరువెచ్చగా కాచి, చెంచాడు పెరుగు తోడు వేసి మూతపెట్టండి. ఆ వేడికి తెల్లారేసరికి తోడుకుంటుంది. తోడుకున్న వెంటనే పెట్టెలో పెట్టేయండి. పడవ ఊగితే పెరుగు విరుగుతుందేమోనని భయపడేవారున్నారు. లంగరు వేసిన తరవాతే తోడుపెడితే ఏ ఇబ్బందీ లేదు.

సర్దేటప్పుడు గడ్డకట్టిన మాంసాన్ని అడుగున, దాని మీద చివరి రోజున వండేవి, పైన మొదటి రోజువి పెట్టండి. ఐస్ సీసాల్లో సగం పైన, సగం పక్కల ఉండాలి. చలి కిందికే దిగుతుంది కాబట్టి ఐస్ అంతా అడుగునే పెడితే పైనున్నవి వెచ్చబడతాయి. పచ్చిమాంసం ఎప్పుడూ గట్టి మూత ఉన్న డబ్బాలోనే ఉండాలి. తాగే పానీయాలకు వేరే చిన్న కూలర్ పెట్టి, పైన డెక్ మీద నీడలో ఉంచండి. పిల్లలు గంటకు పదిసార్లు తెరిచేది దాన్నే, దానివల్ల అసలు పెట్టె జోలికి ఎవరూ పోరు.

7. ఫ్రిజ్ పెట్టదలచుకుంటే

కరుగుదల 3, 4 కిలోలకు దిగాక 12 వోల్టుల కంప్రెసర్ బిగించుకోవచ్చు. చిన్న పడవల్లో తరచుగా కనిపించేది డాన్‌ఫాస్ పేరుతో మొదలై ఇప్పుడు సీకాప్ పేరుతో వస్తున్న బిడి35 కంప్రెసర్. రోజుకు 3 కిలోల కరుగుదల తగ్గించగలిగితే, ఇక్కడి వేసవిలో 100 వాట్ల సోలార్ ప్యానెల్ ఒకటి ఇచ్చే విద్యుత్తులో చాలా భాగం మిగిలినట్టే. సీసపు బ్యాటరీలో రాసి ఉన్న సామర్థ్యంలో సగానికి మించి వాడకూడదన్నది గుర్తుంచుకుని లెక్క వేసుకోండి.

బిగించాక ఫ్రిజ్ సరిగా పనిచేయడం లేదని అనేవారిలో ఎక్కువమందికి సమస్య ఫ్రిజ్‌లో ఉండదు, వైరులో ఉంటుంది. సన్నని వైరుతో వోల్టేజీ పడిపోతుంది. ఈ కంప్రెసర్‌కు 12 వోల్టుల మీద 4 చదరపు మిల్లీమీటర్ల వైరును 4 మీటర్లకు, 6 చదరపు మిల్లీమీటర్లదాన్ని 6 మీటర్లకు మించనివ్వకండి. తగిన ఫ్యూజు వేసి, నేరుగా బ్యాటరీ నుంచి తీసుకోండి. కంప్రెసర్ తిరుగుతుండగా దాని కొనల దగ్గరే వోల్టేజీ కొలవండి. బ్యాటరీ దగ్గరి అంకెకూ దీనికీ అర వోల్టు తేడా ఉంటే వైరు మార్చాలి. కంప్రెసర్‌కు చిన్న దీపం ఉండి అది ఒక్కసారే మెరిసి ఆగుతుంటే వోల్టేజీ చాలడం లేదని సూచన.

కండెన్సర్ (పెట్టెలోంచి లాగిన వేడిని బయటికి వదిలే భాగం) నుంచి వెళ్లే వేడిగాలికి దారి ఉండాలి. దాన్ని మూసిన అలమారాలో పెట్టి, పక్కన తాళ్లు, సంచులు కుక్కితే అది తన వేడిని తానే పీలుస్తూ రోజంతా ఆగకుండా తిరుగుతుంది. పెట్టె లోపలుండే ఫ్రిజ్ చల్లని రేకు మీద మంచు పావు అంగుళం కడితే తీసేయండి, కానీ కత్తితో గీకకండి. రేకుకు చిల్లు పడితే గ్యాసంతా పోతుంది. ఫ్రిజ్ ఆపి, ఒక గిన్నెలో వేడినీళ్లు లోపల పెడితే పది నిమిషాల్లో మంచు ఊడి వస్తుంది.

8. ఫలితం సరిచూసుకోండి

ఒక థర్మామీటరును పెట్టె పైభాగంలో, రెండోదాన్ని అడుగున, నీళ్లున్న చిన్న సీసాలో ముంచి ఉంచండి. గాలిలో వేలాడదీస్తే మూత తీసిన ప్రతిసారీ అంకె ఎగిరి మిమ్మల్ని తికమక పెడుతుంది. ఉదయం లేవగానే ఒకసారి, మధ్యాహ్నం మూడుకు ఒకసారి చూసి రాసుకోండి. పైన కూడా 4 డిగ్రీల సెల్సియస్ (ఇక్కడి ఫారన్‌హీట్ థర్మామీటరు మీద 40) దాటకూడదు. అడుగున 1 డిగ్రీ, పైన 8 డిగ్రీలు ఉంటే పెట్టెలో చలి చాలక కాదు, అది అంతటా సమంగా పరుచుకోవడం లేదు. ఐస్ సీసాలను పైకి మార్చండి, లేదా చిన్న ఫ్యాను పెట్టండి.

ఫ్రిజ్ ఉన్నవారు ఒక గంటసేపు గడియారం పెట్టుకుని, కంప్రెసర్ ఎన్ని నిమిషాలు తిరిగిందో చూడండి. మధ్యాహ్నపు ఎండలో సగం సేపు తిరిగితే ఫరవాలేదు. రాత్రి కూడా ఆగకుండా తిరుగుతుంటే మళ్లీ రెండో, మూడో మెట్ల దగ్గరికి వెళ్లి గొట్టమూ మూతా చూసుకోండి.

ఐస్ అయిపోయిందని ఆలస్యంగా గమనించారనుకోండి. మాంసం, పాలు, వండిన అన్నం, కూరలు 4 డిగ్రీలు దాటి రెండు గంటలుంటే పారేయాలి. క్యాబిన్ 32 డిగ్రీలు దాటిన రోజుల్లో ఆ గడువు ఒక్క గంటే. వాసన బాగానే ఉంది, మళ్లీ మరిగిస్తే సరిపోతుంది అనుకోకండి. ముఖ్యంగా అన్నంలో పెరిగే ఒక రకం సూక్ష్మజీవి వదిలే విషం మరిగించినా పోదు. రేవుకు నాలుగు గంటల దూరంలో ఒకరు వాంతులతో పడుకుంటే పడవ నడిపే చేతులు తగ్గుతాయి, కాబట్టి అనుమానం వచ్చిన గిన్నెను మొహమాటపడకుండా ఖాళీ చేయండి.

ఇంటికి తిరిగి వచ్చాక పెట్టెను సబ్బునీళ్లతో కడిగి, వెనిగర్ కలిపిన గుడ్డతో మూత పట్టీలను తుడిచి, అడుగు గొట్టంలో ఒక చెంబు వేడినీళ్లు పోయండి. ఆరాక మూతను మూసేయకుండా, మధ్యలో ఒక చెక్కముక్క అడ్డుపెట్టి మళ్లీ ప్రయాణం దాకా సగం తెరిచి ఉంచండి.